నల్లగొండ, పాలమూరు ఎండల్లో ఈ-రీడర్ బ్యాటరీ: ఏ చార్జింగ్ పద్ధతి ఎవరికి తగినది?

ఇప్పుడు అమ్మకానికి వస్తున్న ఈ-రీడర్లలో (కిండిల్ వంటి, పుస్తకాలు చదువుకునే పరికరాల్లో) చాలావాటి పెట్టెలో తీగ ఒక్కటే ఉంటుంది, అడాప్టర్ ఉండదు. దాంతో కొన్న రోజే ఎంపిక మొదలవుతుంది. సొరుగులో పడి ఉన్న పాత ఫోన్ అడాప్టర్, కొత్త ఫోన్‌తో వచ్చిన ఫాస్ట్ చార్జర్, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు, ప్రయాణాలకని కొన్న పవర్ బ్యాంక్, ఇంటిపైన సోలార్ పలక ఉన్నవారికి అదీ, ఇలా అయిదారు మార్గాలు ఎదురుగా ఉంటాయి. వీటికి తోడు బ్యాటరీని ఎంతవరకు నింపాలి, ఏ వేళలో నింపాలి, కొన్ని నెలలు చదవకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలు ఉంటాయి. ఈ వ్యాసం ఆ మార్గాలను దక్షిణ తెలంగాణ పరిస్థితుల్లో ఒకదానితో ఒకటి పోల్చి చూస్తుంది. అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాలి. చార్జర్ ఎన్ని వాట్లది అన్న దాని మీద జరిగే చర్చలో పదోవంతు కూడా చార్జింగ్ ఏ గదిలో, ఏ వేళలో పెడుతున్నాం అన్న దాని మీద జరగదు. మన ప్రాంతంలో మాత్రం బ్యాటరీ ఆయువును ఎక్కువగా తేల్చేది ఆ రెండో విషయమే.

## ముందుగా చూడవలసినవి

ఈ-రీడర్లలో ఉండేది లిథియం-అయాన్ జాతి బ్యాటరీ. 1991లో సోనీ సంస్థ దీన్ని మొదటిసారి వాణిజ్యపరంగా అమ్మకానికి తెచ్చింది. దీని అభివృద్ధికి పునాది వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇందులోని ఒక్కో సెల్ సగటు వోల్టేజీ దాదాపు 3.7, నిండినప్పుడు 4.2 వోల్టులు. అంతకుముందు వాడిన నికెల్-కాడ్మియం బ్యాటరీలను పూర్తిగా ఖాళీ చేసి నింపకపోతే సామర్థ్యం తగ్గేది. లిథియం బ్యాటరీకి ఆ గుణం లేదు. అయినా ‘సున్నాకు తెచ్చి చార్జింగ్ పెట్టు’ అనే పాత సలహా నేటికీ మొబైల్ దుకాణాల్లో వినిపిస్తూనే ఉంది. దాన్ని పాటిస్తే మేలు జరగకపోగా కీడు జరుగుతుంది, ఎందుకంటే లోతుగా ఖాళీ చేయడం ఈ రకం బ్యాటరీని అలసిపోయేట్టు చేస్తుంది.

బ్యాటరీని అరగదీసేవి ప్రధానంగా వేడి, నిండా నిండిన స్థితిలో ఎక్కువ కాలం ఉండటం, అడుగంటా ఖాళీ కావడం. వీటిలో మొదటి రెండూ కలిసినప్పుడు జరిగే నష్టం ఎక్కువ. బ్యాటరీల గురించి తరచుగా ఉదహరించే అంకెల ప్రకారం, 40 శాతం చార్జితో 25 డిగ్రీల వద్ద ఏడాదిపాటు ఊరికే ఉంచిన లిథియం బ్యాటరీకి 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే బ్యాటరీని నిండా నింపి అదే ఉష్ణోగ్రతలో ఉంచితే 80 శాతమే మిగులుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలైతే, 40 శాతం చార్జితో ఉన్నది 85కు, నిండా ఉన్నది 65కు దిగుతుంది. అంటే ఒక్క పుట కూడా తిప్పకుండానే మూడో వంతుకు పైగా సామర్థ్యం పోతుంది.

ఈ 40 డిగ్రీలు మనకు పుస్తకంలోని ఊహా సంఖ్య కాదు. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు దాటడం మామూలు విషయం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు. రేకుల కప్పు కింద మధ్యాహ్నం గది బయటి నీడ కంటే వేడిగా ఉంటుంది. కిండిల్ తయారీదారు తన పరికరాన్ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలనీ, మైనస్ 10 నుంచి 45 డిగ్రీల మధ్య దాచాలనీ చెబుతాడు. ఆ నిబంధనను అక్షరాలా పాటిస్తే మన ఎండాకాలపు మధ్యాహ్నాల్లో కూలర్ లేని గదిలో చదవడమే కుదరదు. చదవడం మానమని నేను చెప్పను. కానీ చార్జింగ్ సమయంలో బ్యాటరీ తనంతట తానే కొంత వేడెక్కుతుంది కాబట్టి, ఆ అదనపు వేడిని మధ్యాహ్నపు వేడికి కలపకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది.

ఇక కరెంటు నాణ్యత కూడా ఒక కొలమానమే. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో గాలిదుమారం వచ్చి తీగలు తెగడం, పోయిన కరెంటు వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిసిపడటం, అరుదుగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగి ఇళ్లలోకి హై వోల్టేజీ రావడం మనకు తెలిసినవే. మంచి అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకునేలా తయారవుతుంది కాబట్టి లో వోల్టేజీ దానికి సమస్య కాదు. హై వోల్టేజీ వస్తే మంచి అడాప్టర్ తాను కాలిపోయినా అవతల ఉన్న పరికరాన్ని సాధారణంగా కాపాడుతుంది. నాసిరకం అడాప్టర్‌కు ఆ హామీ లేదు.

## తెలుగు చదివేవారి బ్యాటరీ లెక్క వేరు

ఏ పద్ధతి తగినదో తేల్చుకోవాలంటే ఎన్ని రోజులకోసారి చార్జింగ్ అవసరమవుతుందో ముందు తెలియాలి. 2021లో వచ్చిన కిండిల్ పేపర్‌వైట్‌కు పది వారాల బ్యాటరీ అని ప్రకటించారు. దాని కింద ఉన్న షరతు చదివితే అది రోజుకు అరగంట చదువుతూ, వైర్‌లెస్ ఆపేసి, వెలుగును 13వ మెట్టు వద్ద ఉంచితే వచ్చే లెక్క అని తెలుస్తుంది. రోజుకు అరగంట చొప్పున పది వారాలంటే మొత్తం 35 గంటలు. గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ రోజుకు అయిదు గంటలు దాని ముందు కూర్చునే అభ్యర్థికి ఆ పది వారాలు ఒక్క వారం అవుతాయి.

ఈ-ఇంక్ తెరకు పుట మారేటప్పుడే కరెంటు కావాలి. మారిన పుట తెరపై నిలబడి ఉండటానికి ఏమీ ఖర్చు కాదు. ఖర్చులో ఎక్కువ భాగం వెలుగు, వైఫై, లోపలి ప్రాసెసర్ పని వల్ల వస్తుంది. తెలుగు పాఠకులు ఇక్కడే ఎక్కువ చెల్లిస్తారు. పాత తెలుగు పుస్తకాల్లో చాలా భాగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే దొరుకుతాయి. అందులో ఒక్కో పుట ఒక్కో బొమ్మ. ఆ బొమ్మను తెరకు సరిపోయేలా కుదించాలి, అక్షరాలు చిన్నవైతే పెద్దవి చేయాలి, పక్కకు జరపాలి. ప్రతి కదలికకూ ప్రాసెసర్ మేలుకుంటుంది, తెర మళ్లీ గీసుకుంటుంది. అందువల్ల ఇంగ్లిష్ నవలకు వచ్చినన్ని గంటలు స్కాన్ చేసిన తెలుగు గ్రంథానికి రావు. మరొక సంగతి కూడా ఉంది. ఒకేసారి వంద పుస్తకాలు లోపలికి ఎక్కిస్తే, కిండిల్ వంటి పరికరాలు వాటన్నిటికీ పదసూచిక తయారుచేసుకుంటూ బ్యాటరీని తాగేస్తాయి. కొన్న వారంలోనే బ్యాటరీ పాడైందని బెంగపడేవారిలో చాలామంది విషయంలో కారణం ఇదే. పుస్తకాలు ఎక్కించాక పరికరాన్ని చార్జింగ్‌లో ఉంచి ఆ పని పూర్తికానిస్తే సరిపోతుంది.

## మార్గాల పోలిక

ఈ కింది పట్టికలోని సమయాలు 1500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యపు కొలత) చుట్టుపక్కల సామర్థ్యం ఉన్న ఆరంగుళాల ఈ-రీడర్‌ను దాదాపు ఖాళీ స్థితి నుంచి నింపడానికి పట్టే అంచనాలు.

| మార్గం | పట్టే సమయం | వేడి | కరెంటు పోతే | ఎవరికి అనువు |
|---|---|---|---|---|
| పాత 5 వాట్ల ఫోన్ అడాప్టర్ | 2.5 – 3.5 గంటలు | తక్కువ | ఆగిపోతుంది (ఇన్వర్టర్ ఉంటే ఆగదు) | ఇంట్లో చదివే అందరికీ |
| ఫాస్ట్ చార్జర్ | సుమారు 2.5 గంటలు | తక్కువ – మధ్యస్థం | ఆగిపోతుంది | వేరే అడాప్టర్ లేనివారికి |
| ల్యాప్‌టాప్ పోర్టు | 4 – 5 గంటలు | చాలా తక్కువ | ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు నడుస్తుంది | పుస్తకాలు ఎక్కించేవారికి |
| పవర్ బ్యాంక్ | 2.5 – 4 గంటలు | తక్కువ | సంబంధం లేదు | ప్రయాణికులకు, గ్రంథాలయంలో చదివేవారికి |
| సోలార్ పలక నేరుగా | చెప్పలేం | ఎక్కువ | సంబంధం లేదు | ఎవరికీ కాదు |
| వైర్‌లెస్ చార్జింగ్ | సుమారు 3.5 గంటలు | ఎక్కువ | ఆగిపోతుంది | చలికాలంలో, సౌకర్యం కోరేవారికి |

### పాత ఫోన్ అడాప్టర్

అయిదు వోల్టులు, ఒక ఆంపియర్ అని ముద్రించిన పాత అడాప్టర్ ఇంట్లో ఉంటే కొత్తది కొనవలసిన పని లేదు. ఈ-రీడర్ బ్యాటరీ ఫోన్ బ్యాటరీలో మూడో వంతు ఉంటుంది కాబట్టి, ఫోన్‌కు నత్తనడకగా అనిపించే ఈ అడాప్టర్ దీనికి సరిగ్గా సరిపోతుంది. అడాప్టర్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, దాని కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. మన దేశంలో అమ్మే అడాప్టర్లకు, పవర్ బ్యాంకులకు ఈ నమోదు తప్పనిసరి. బస్టాండు ముందు వంద రూపాయలకు దొరికే అడాప్టర్ల మీద ఆ గుర్తు తరచుగా కనిపించదు, కనిపించినా నమ్మడానికి లేదు. నా ఓటు ఈ పాత అడాప్టర్‌కే. నెమ్మది అన్నదొక్కటే దీని లోపం, ఈ-రీడర్ విషయంలో అది లోపమూ కాదు.

ఖర్చు గురించి అడిగేవారు ఉంటారు. 1500 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణిస్తే దాదాపు 5.5 వాట్-అవర్. మధ్యలో వృథా అయ్యేది కలుపుకున్నా 8 వాట్-అవర్ దాటదు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఒకసారి నింపడానికి అయిదు పైసలు.

### ఫాస్ట్ చార్జర్

‘65 వాట్ల చార్జర్ పెడితే బ్యాటరీ పేలిపోదా’ అన్న భయం చాలామందిలో ఉంది. చార్జర్ మీద రాసి ఉన్న వాట్లు అది ఇవ్వగల గరిష్ఠ శక్తిని చెబుతాయి. ఎంత తీసుకోవాలో నిర్ణయించేది ఈ-రీడర్ లోపలి చార్జింగ్ చిప్. ప్రమాణాలకు లోబడి తయారైన ఫాస్ట్ చార్జర్ మొదట అయిదు వోల్టులే ఇస్తుంది. అవతలి పరికరం ఎక్కువ వోల్టేజీ కావాలని అడిగితేనే పెంచుతుంది. ఈ-రీడర్ అడగదు కాబట్టి పెంచదు. అందువల్ల పేరున్న కంపెనీ ఫాస్ట్ చార్జర్‌తో ప్రమాదం లేదు, లాభమూ పెద్దగా లేదు. నకిలీ ఫాస్ట్ చార్జర్ విషయం వేరు. ఈ సంప్రదింపును సరిగా చేయని చార్జర్ ఏ వోల్టేజీ పంపుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక్కడ ఆచరణలో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రెండు చివరలా టైప్-సి ఉన్న తీగతో కొన్ని ఈ-రీడర్లు అసలు చార్జ్ కావు. పరికరం తయారీలో ఒక చిన్న రెసిస్టర్‌ను వదిలేయడం వల్ల అవతలి చార్జర్ దాన్ని గుర్తించదు. పరికరం చెడిపోయిందని దుకాణానికి పరుగెత్తే ముందు, ఒక చివర పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న తీగతో ఒకసారి ప్రయత్నించాలి. చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది. ఏళ్ల కిందట కొన్న మైక్రో యూఎస్‌బీ పరికరాలకు ఈ చిక్కు లేదు గాని, ఆ పోర్టు సులువుగా వదులవుతుంది. తీగను బలంగా వంచి పెట్టకూడదు.

### ల్యాప్‌టాప్ పోర్టు

పాత రకం యూఎస్‌బీ పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, నీలం రంగు నాలుక ఉన్న కొత్త రకం 900 వరకు ఇస్తాయి. నెమ్మదిగా, చల్లగా నింపడంలో దీన్ని మించినది లేదు. పైగా కరెంటు పోయినా పని ఆగదు. అయితే ల్యాప్‌టాప్‌ను మూసేస్తే చాలా వాటిలో పోర్టుకు సరఫరా ఆగిపోతుంది. రాత్రి పెట్టి తెల్లవారి చూస్తే బ్యాటరీ ఎక్కి ఉండదు. కంప్యూటర్‌కు తగిలించగానే కొన్ని ఈ-రీడర్లు పుస్తకాల బదిలీ స్థితిలోకి వెళ్లి చదవనివ్వవు. పరికరాన్ని ‘ఎజెక్ట్’ చేస్తే చార్జింగ్ సాగుతూనే చదువుకోవచ్చు. ల్యాప్‌టాప్ కింది నుంచి వేడిగాలి వచ్చే పక్కన మాత్రం ఈ-రీడర్‌ను ఆనించి పెట్టకూడదు.

### పవర్ బ్యాంక్

రోజూ తిరిగేవారికి దీన్ని మించిన మార్గం లేదు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే లోపలి సెల్ లెక్కలో 37 వాట్-అవర్. అయిదు వోల్టులకు పెంచి బయటికి ఇచ్చేటప్పుడు, మళ్లీ ఈ-రీడర్ బ్యాటరీలోకి ఎక్కేటప్పుడు కొంత పోతుంది. పోగా మిగిలినది ఈ-రీడర్‌ను నాలుగుసార్లు నింపగలదు. రోజుకు గంట చదివేవారికి అది నెలల తరబడి సరిపోయే ఇంధనం. ఈ-రీడర్ కోసమే కొనేటట్టయితే ఇరవై వేలది మోయడం వృథా బరువు.

చాలా పవర్ బ్యాంకులకు ఒక అలవాటు ఉంటుంది. అవతల తీసుకునే కరెంటు బాగా తగ్గితే, ఏమీ తగిలించలేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి. లిథియం బ్యాటరీ నిండే క్రమం చూస్తే ఇది ఎందుకు ఇబ్బందో అర్థమవుతుంది. మొదట స్థిరమైన కరెంటుతో వేగంగా నిండి, 4.2 వోల్టులకు చేరాక కరెంటు క్రమంగా సన్నబడుతుంది. ఈ-రీడర్ వంటి చిన్న బ్యాటరీలో ఆ చివరి ఘట్టంలో తీసుకునేది ఎంత తక్కువంటే, పవర్ బ్యాంక్ మధ్యలోనే నిద్రపోతుంది. తొంభై శాతం దగ్గర ఆగిపోయిందని చిరాకు పడనక్కరలేదు. కింద చెప్పబోయే కారణాల వల్ల అక్కడ ఆగిపోవడమే బ్యాటరీకి మంచిది. పూర్తిగా నిండాలనుకుంటే, ఇయర్‌ఫోన్ల వంటి చిన్న పరికరాల కోసం ఉండే తక్కువ కరెంటు స్థితిని వాడాలి. కొన్ని పవర్ బ్యాంకుల్లో బటన్‌ను రెండుసార్లు నొక్కితే అది మొదలవుతుంది.

పవర్ బ్యాంక్ కూడా లిథియం బ్యాటరీయేనని మరచిపోకూడదు. దాన్ని బండి డిక్కీలో పెట్టి బస్టాండు ఎండలో రోజంతా వదిలేస్తే, అది ముందు చెడి, తర్వాత ప్రమాదంగా మారుతుంది. ఈ-రీడర్‌కూ అంతే. మూసిన కారులో, డిక్కీలో, బస్సు కిటికీ పక్కన నల్లని అట్టతో ఎండకు పెట్టిన ఈ-రీడర్ 45 డిగ్రీల నిల్వ హద్దును తేలిగ్గా దాటుతుంది.

### సోలార్, వైర్‌లెస్

పాలమూరు ఎండను చూస్తే సోలార్ చార్జర్ ఆలోచన అందరికీ వస్తుంది. మడిచి పెట్టుకునే చిన్న పలకకు నేరుగా ఈ-రీడర్ తగిలిస్తే, మబ్బు వచ్చిన ప్రతిసారీ చార్జింగ్ ఆగి మళ్లీ మొదలవుతుంది. తీగ పొట్టిదైతే పరికరం కూడా పలక పక్కనే ఎండలో పడి ఉంటుంది. ఆ పలకతో పగలు పవర్ బ్యాంక్‌ను, దాన్ని కూడా నీడలో ఉంచి, నింపుకొని రాత్రి దాని నుంచి ఈ-రీడర్‌ను నింపితే చిక్కు ఉండదు. వైర్‌లెస్ చార్జింగ్ పేపర్‌వైట్ సిగ్నేచర్ వంటి కొన్ని పరికరాలకే ఉంది. అందులో వృథా అయ్యే శక్తి పరికరం వీపు మీదే వేడిగా మారుతుంది. మన ఎండాకాలంలో దాని జోలికి పోకపోవడం మంచిది.

## ఎంతవరకు నింపాలి: ఎనభయ్యా, నూరా?

బ్యాటరీ నూటికి చేరేకొద్దీ లోపలి వోల్టేజీ పెరిగి రసాయనాల మీద ఒత్తిడి పెరుగుతుంది. 4.2 వోల్టులకు బదులు 4.1 వద్ద ఆపితే బ్యాటరీ తట్టుకునే చార్జింగ్ చక్రాల (ఒకసారి పూర్తిగా నింపి వాడేస్తే ఒక చక్రం) సంఖ్య ఇంచుమించు రెట్టింపవుతుందని ఈ రంగంలో ఒక స్థూల సూత్రం ఉంది. 20 నుంచి 80 మధ్య ఉంచాలన్న సలహాకు మూలం ఇదే. ఫోన్లలో ఉన్నట్టు ఎనభై వద్ద దానంతట అదే ఆగే ఏర్పాటు చాలా ఈ-రీడర్లలో కనిపించదు. కాబట్టి పాటించాలంటే మనమే గడియారం చూసుకోవాలి. 500 మిల్లీ ఆంపియర్ల పోర్టు మీద 30 నుంచి 80కి చేరడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది.

ఈ నియమాన్ని అందరి మీదా రుద్దడం నాకు ఇష్టం లేదు. ఫోన్ల వంటి పరికరాల బ్యాటరీలు 300 నుంచి 500 పూర్తి చక్రాల తర్వాత 80 శాతం సామర్థ్యానికి దిగుతాయని సాధారణ అంచనా. నెలకు రెండుసార్లు నింపేవారికి ఏడాదికి 24 చక్రాలే అవుతాయి. ఆ లెక్కన చక్రాల వల్ల బ్యాటరీ అరిగేలోపు పదేళ్లు దాటిపోతాయి. అటువంటివారి బ్యాటరీ వయసు వల్ల, వేడి వల్ల చెడుతుందే గాని చక్రాల వల్ల కాదు. వారు నూటికి నింపి వెంటనే చదవడం మొదలుపెడితే నష్టం స్వల్పం. నూటికి నింపి అల్మారాలో పెట్టేయడం, లేదా వారాల తరబడి తీగకు తగిలించే ఉంచడం మాత్రం తప్పక మానుకోవాలి. వారానికోసారి నింపవలసి వచ్చే అభ్యర్థికి ఏడాదికి యాభై చక్రాలు దాటుతాయి. ఎనభై వద్ద ఆపడం వల్ల ఎక్కువ లాభపడేది ఆయనే, కానీ పరీక్ష ముందు రోజుల్లో గడియారం చూసుకుంటూ కూర్చునే తీరిక లేనిదీ ఆయనకే.

ఏ పాఠకుడైనా మూడు, నాలుగు నెలలకు ఒకసారి పది శాతం లోపు దించి, ఆపకుండా నూటికి నింపడం మంచిది. బ్యాటరీకి దీనివల్ల లాభం ఏమీ లేదు. శాతాన్ని చూపే లెక్క తప్పిపోకుండా సరిచేసుకోవడానికి ఇది పనికొస్తుంది. ముప్పై శాతం చూపిస్తూ హఠాత్తుగా ఆగిపోయే పరికరాల్లో కొన్నిటికి ఈ ఒక్క పనితోనే నయమవుతుంది.

## ఎవరికి ఏది

జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనో అద్దె గదిలోనో ఉండి పోటీ పరీక్షలకు చదివేవారికి పవర్ బ్యాంక్, గదిలో పాత అడాప్టర్ అన్న జంట సరిపోతుంది. చదువుల గదుల్లో ప్లగ్గు దొరకడమే కష్టం. దొరికినా పది ఫోన్లు వేలాడుతున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఈ-రీడర్‌ను తగిలించడం తెలివైన పని కాదు. అద్దె గది రేకులదైతే చార్జింగ్ వేళను మార్చుకోవడమే ముఖ్యం. వేసవిలో రాత్రి పది గంటలకు కూడా రేకులు వేడి కక్కుతూనే ఉంటాయి. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు గంటల మధ్య గది రోజంతటిలోకీ చల్లగా ఉంటుంది. చదవడానికి లేచే వేళ కూడా అదే కాబట్టి తీగ తగిలించి, ముఖం కడుక్కుని, ముద్రిత పుస్తకంతో మొదలుపెడితే ఏడింటికల్లా పరికరం సిద్ధంగా ఉంటుంది.

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగానో, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగానో హైదరాబాద్‌కు రోజూ వెళ్లి వచ్చే ఉద్యోగులు బస్సులో, రైలులో చదువుతారు. కార్యాలయంలో ఏసీ ఉంటే, అక్కడి కంప్యూటర్ పోర్టుకు మధ్యాహ్నం రెండు గంటలు తగిలించడం వీరికి అన్నిటికంటే మేలు. బయట 42 డిగ్రీలున్న వేళ 26 డిగ్రీల గదిలో చార్జింగ్ అవుతుంది. కార్యాలయ కంప్యూటర్‌కు బయటి పరికరాలు తగిలించకూడదన్న నిబంధన ఉన్నచోట, గోడ ప్లగ్గుకు సొంత అడాప్టర్ పెట్టుకోవాలి.

వనపర్తిలోనో దేవరకొండలోనో ఇంటి దగ్గర ఉండి, అక్షరాలు పెద్దవి చేసుకుని చదివే పదవీ విరమణ పొందిన పెద్దవారికి ఇన్ని లెక్కలు చెప్పడం అనవసరం. పాత అడాప్టర్‌ను ఇంట్లో చల్లగా ఉండే గదిలో ఒకచోట స్థిరంగా పెట్టి, ఆదివారం ఉదయం కాఫీ వేళకు తగిలించి, స్నానం, పూజ అయ్యాక తీసేయమంటే చాలు. అక్షరాలు పెద్దవైతే పుటలు ఎక్కువ తిరుగుతాయి, చూపు మందగిస్తే వెలుగు పెంచుతారు. కనుక వారి వాడకం ప్రకటనలో చెప్పినదానికంటే ఎక్కువే ఉంటుంది. అట్ట తీయకుండా చార్జింగ్ పెట్టవచ్చు గాని వేసవిలో మందపాటి తోలు అట్టను తెరిచి ఉంచితే వేడి బయటికి పోతుంది.

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచు ఊళ్లలో పనిచేస్తూ కరెంటు మీద ఆధారపడలేనివారు ఈ-రీడర్‌ను ఇరవైకి దించకుండా, నలభై దగ్గరే నింపుకోవడం మంచిది. వానాకాలంలో ఒకసారి కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియని చోట, బ్యాటరీ ఆయువు కంటే చేతిలో చదువు ఆగకపోవడం ముఖ్యం. వీరు నూటికి నింపుకున్నా తప్పులేదు. గాలివాన మొదలైతే మాత్రం అడాప్టర్‌ను ప్లగ్గు నుంచి తీసేయాలి, స్విచ్ ఆపితే చాలదు.

## చదవకుండా ఉంచేటప్పుడు

ఈ-రీడర్ ఊళ్లో ఉండి మనిషి నెలల తరబడి హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉండే ఇళ్లు మన జిల్లాల్లో తక్కువేమీ కావు. అటువంటప్పుడు బ్యాటరీని 50 శాతం దగ్గర ఉంచి, వైఫై ఆపి, వీలున్న పరికరాల్లో స్లీప్‌లో వదలకుండా పూర్తిగా స్విచ్ ఆఫ్ చేయాలి. ఇంట్లో నేల అంతస్తులో, దక్షిణపు గోడకు, పడమటి గోడకు దూరంగా ఉన్న అల్మారా అందుకు తగిన చోటు. అటక మీద, రేకుల కింద పెట్టకూడదు. రెండు మూడు నెలలకొకసారి ఇంట్లో వారెవరైనా దాన్ని తెరిచి, 30 కంటే తగ్గి ఉంటే మళ్లీ సగానికి నింపాలి. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా కొందరు ఇస్తారు. బయటికి తీసినప్పుడు తెర లోపల చెమ్మ పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని వద్దు.

పూర్తిగా ఖాళీ అయిపోయి, నెలలపాటు అలాగే ఉన్న పరికరం తగిలించగానే స్పందించదు. లోపలి రక్షణ ఏర్పాటు బ్యాటరీని వేరుచేసి ఉంచుతుంది. చిన్న కరెంటుతో అది మేలుకోవడానికి గంటకు పైగా పట్టవచ్చు. ఇక్కడ ల్యాప్‌టాప్ పోర్టు కంటే పాత ఫోన్ అడాప్టర్ నయం, ఎందుకంటే పరికరం పలకకపోతే కొన్ని కంప్యూటర్లు పోర్టును ఆపేస్తాయి. కొన్ని గంటల తర్వాత కిండిల్ అయితే పవర్ బటన్‌ను 40 సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ ప్రారంభించి చూడాలి.

## బ్యాటరీ మార్చాలా, పరికరాన్ని మార్చాలా

బ్యాటరీ సామర్థ్యం సగానికి పడినా ఈ-రీడర్ వారానికి బదులు మూడు, నాలుగు రోజులు వస్తుంది. ఇంట్లో చదివేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు కాబట్టి తొందరపడి బ్యాటరీ మార్పించుకోవలసిన పని లేదు. రోజూ ప్రయాణించేవారు మార్పించుకోదలిస్తే, ఈ-రీడర్‌ను ఇంతకుముందు విప్పిన అనుభవం ఉన్న దుకాణాన్నే వెతకాలి. ఫోన్ తెరకు ఉండే గట్టి అద్దం ఈ-ఇంక్ తెరకు ఉండదు, చాలా పరికరాల్లో అది పలుచని గాజు పొర మీద ఉంటుంది. జిగురుతో అతికిన బ్యాటరీని వెనక నుంచి పెకిలిస్తే ఆ తెర పగిలిపోతుంది. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల విడిభాగాలు దొరుకుతాయి గాని, ఏళ్ల తరబడి గోదాములో ఉన్న బ్యాటరీ కొత్తదైనా ముసలిదే. వీలైతే దాని మీద తయారీ తేదీ చూసి తీసుకోవాలి.

పరికరం వీపు ఉబ్బినా, తెర ఒక మూలన పైకి లేచినా, చార్జింగ్‌లో చేయి పెట్టలేనంత వేడెక్కినా ఇక పోలికలకు తావు లేదు. ఆ క్షణం నుంచి చార్జింగ్ ఆపాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, సూదితో గాలి తీయడం అగ్నిప్రమాదానికి దారితీస్తాయి. దాన్ని మున్సిపాలిటీ చెత్త బండిలో కూడా వేయకూడదు, ఆ బండిలో నలిగితే అక్కడే అంటుకుంటుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారుల మీద ఉంది. కాబట్టి కంపెనీ సేవా కేంద్రంలో గాని, అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలో గాని అప్పగించాలి. అప్పటివరకు దాన్ని ఇంటి బయట నీడలో, మండే వస్తువులకు దూరంగా, ఇసుక పోసిన మట్టి కుండలోనో ఇనుప డబ్బాలోనో ఉంచాలి.